సరిహద్దుల కమిషన్‌లో సముద్రానికి ఒక కుర్చీ

పార్లమెంటు నియోజకవర్గాల హద్దులు గీసే వేల్స్ సరిహద్దుల కమిషన్‌కు సిబ్బంది ఉన్నారు, పటాలు ఉన్నాయి, బహిరంగ విచారణలు, అభ్యంతరాల స్వీకరణకు గడువులు ఉన్నాయి. ఇవేవీ లేకుండా, ఎవరి అభ్యంతరమూ వినకుండా, గెజిట్‌లో ఒక్క ముక్కయినా ప్రచురించకుండా, వేల్స్ వాయవ్య మూలన ఒక నియోజకవర్గానికి నాలుగు వైపులా హద్దు గీసి కూర్చున్న సంస్థ మరొకటి ఉంది. దాని పేరు సముద్రం. అది గీసిన నియోజకవర్గం పేరు అనిస్ మోన్. ఇంగ్లిష్‌వారి నోట అది ఆంగ్లసీ. 1536 నాటి చట్టం వేల్స్ కౌంటీలకు పార్లమెంటు స్థానాలు ఇచ్చింది మొదలు నేటి దాకా, లండన్ పార్లమెంటు కోసం ఈ ద్వీపం హద్దును ఒడ్డు దాటించగలిగిన ప్రభుత్వం ఒక్కటీ రాలేదు. ఇంతటి పనిమంతుడికి కమిషన్‌లో సభ్యత్వం లేకపోవడం ప్రజాస్వామ్యానికే తలవంపు కనుక, ఆ లోటును తక్షణం పూడ్చవలసిందిగా ఈ వ్యాసం ద్వారా సవినయంగా ప్రతిపాదిస్తున్నాను.

పునర్విభజన అన్న మాట వినగానే ఉలిక్కిపడే తెలుగు పాఠకులకు లెక్క వివరంగా చెప్పనవసరం లేదు గాని, బ్రిటన్ లెక్క ఎంత కచ్చితమైనదో చెప్పకపోతే సముద్రం గొప్పదనం తెలియదు. 2020లో చేసిన చట్టం ప్రకారం ఒక్కో నియోజకవర్గంలో 73,393 మంది ఓటర్లు ఉండాలి. అటూ ఇటూ ఐదు శాతం మించి తేడా ఉండరాదు. అంటే 69,724కు ఒకరు తగ్గినా నేరమే, 77,062కు ఒకరు పెరిగినా నేరమే. ఈ లెక్క చేతబట్టుకుని వేల్స్‌లో దిగిన కమిషన్, నలభై స్థానాలను ముప్ఫై రెండుకు కుదించింది. ఆ సమయానికి అనిస్ మోన్‌లో ఉన్న ఓటర్లు సుమారు 52 వేలు. కనీస సంఖ్యకు పదిహేడు వేల పైచిలుకు తక్కువ. మరొక చోటయితే ఈ పాటికి దాన్ని ముక్కలు కోసి పక్కవారి విస్తట్లో వడ్డించి ఉండేవారు. అనిస్ మోన్‌ను మాత్రం ముట్టుకోలేదు. యావత్ బ్రిటన్‌లో లెక్కకు అతీతమైనవిగా చట్టం ప్రకటించిన ఐదు స్థానాల్లో ఇది ఒకటి. తక్కినవి వైట్ ద్వీపంలో రెండు, స్కాట్లండ్ ద్వీపాల్లో రెండు. ఐదూ నీళ్ల మధ్య ఉన్నవే.

ఇక్కడ కొండలకు జరిగిన అవమానాన్ని ప్రస్తావించక తప్పదు. మర్థర్ టిడ్‌విల్‌కూ అబర్‌డేర్‌కూ నడుమ కొండ ఉంది; ఆ రెండింటినీ కలిపి ఒకే నియోజకవర్గం చేశారు. మాంట్‌గమరీషైర్ కూడా ఇదే ద్వీపంలాగా పదహారో శతాబ్దం నుంచి తన పేరు నిలబెట్టుకుంటూ వచ్చిన పాతకాపే. దానికి ఈశాన్యం నుంచి గ్లిన్‌డూర్ అనే తోకను తగిలించారు. అంటే కొండ ఎంత ఎత్తున ఉన్నా అది ఎక్కి దిగదగినదే గాని, నీరు ఎంత ఇరుకుగా పారినా అది దాటరానిదన్న మాట. కొండలు లక్షల ఏళ్లుగా కదలకుండా నిలబడి ఉన్నందుకు ఫలితం ఇది. రోజూ ముందుకూ వెనక్కూ కదిలే నీటిని స్థిరమైన సరిహద్దుగా గుర్తించిన చట్టసభ విజ్ఞతకు నమస్కరించి ముందుకు సాగుదాం.

పైగా ఆ నీరు కూడా అంత సరళమైన సాక్షి కాదు. అనిస్ మోన్ ఒక ద్వీపమని పటం చూసినవారు అనుకుంటారు. పడమటి చివర హోలీహెడ్ ఓడరేవు ఉన్నది మరొక ద్వీపం మీద. దాన్ని పెద్ద ద్వీపానికి కలిపేది 1823లో వేసిన కట్ట, ఒక పాత వంతెన. నీళ్లు చుట్టూ ఉన్నంత మాత్రాన ప్రత్యేక నియోజకవర్గం దక్కేట్టయితే హోలీహెడ్ తన వాటా అడగవచ్చు. తూర్పు కొసన పఫిన్ ద్వీపం ఉంది. అక్కడ ఓటర్లు ఎవరూ లేరు, పక్షులే ఉన్నాయి. వాటి ప్రాతినిధ్యం గురించి చట్టం మౌనం వహించింది.

ఈ ద్వీపాన్ని అవతలి గట్టుతో కలపాలన్న మొదటి ప్రతిపాదన రోమన్ సేనాని స్వెటోనియస్ పాలినస్‌ది. క్రీస్తుశకం 60 ప్రాంతంలో ఆయన చదునైన పడవల మీద సైన్యాన్ని నడుమనున్న మెనై జలసంధి దాటించాడు. అభ్యంతరాలు తెలిపేందుకు ఒడ్డున బారులు తీరిన స్థానికుల్లో చేతులు ఆకాశానికెత్తి శాపనార్థాలు పెడుతున్న డ్రూయిడ్ పురోహితులు, కాగడాలు పట్టుకుని పరుగులు తీస్తున్న నల్లదుస్తుల స్త్రీలు ఉన్నారని చరిత్రకారుడు టాసిటస్ రాశాడు. అభ్యంతరాలను పరిగణనలోకి తీసుకోలేదు, అభ్యంతరదారులను నరికివేశారు. అయితే అదే సమయంలో దేశానికి ఆవలి వైపు బుడికా రాణి తిరుగుబాటు చేయడంతో సేనాని పని మధ్యలో వదిలి పరుగున వెనుదిరిగాడు. పునర్విభజన నివేదిక ఒకటి అమలు కాకుండా ఆగిపోవడం లండన్ పార్లమెంటు కొలువైన వెస్ట్‌మిన్‌స్టర్‌లో పుట్టిన ఆనవాయితీ కాదని దీన్నిబట్టి గ్రహించాలి.

ఓట్ల సమానత్వం గురించి ఇప్పుడు బాధపడేవారు 1832 నాటి ఎన్నికల సంస్కరణలకు ముందు ఈ ద్వీపంలో పుట్టి ఉంటే ఏమైపోయేవారో ఊహించలేము. అప్పట్లో ద్వీపానికి ఇద్దరు సభ్యులు: ఒకరు కౌంటీకి, ఒకరు బ్యూమారిస్ పట్టణానికి. బ్యూమారిస్‌లో ఓటు హక్కు ఉన్నది పురపాలక మండలి వారికి మాత్రమే. వారి సంఖ్య ఇరవై నాలుగు. ఆ ఇరవై నాలుగు మంది మనోభావాలను బారన్ హిల్ భవనంలో నివసించే బల్కెలీ వంశం వారు ముందుగానే కనిపెట్టి ఉంచేవారు కనుక, ఎన్నికల్లో ఉత్కంఠ అనే అనారోగ్యం ఆ ఊరికి సోకలేదు. కౌంటీ స్థానం సంగతి చూస్తే, 1790 నుంచి 1832 దాకా అది పేజెట్ కుటుంబీకుల చేతుల్లోనే అన్నదమ్ముల నుంచి కొడుకు దాకా తిరిగింది. ఆ ఇంటి పెద్ద, మొదటి ఆంగ్లసీ మార్క్విస్ అయిన హెన్రీ పేజెట్, 1815లో వాటర్లూ యుద్ధంలో ఒక కాలు పోగొట్టుకున్నాడు. కాలు పోయినా సీటు పోలేదు. బ్యూమారిస్ స్థానం 1885లో రద్దయి ద్వీపానికి ఒకే సభ్యుడు మిగిలాడు. అప్పటి నుంచే ఓటర్ల మనోభావాలు ముందుగా తెలియకుండా పోవడం మొదలైంది.

ఆ తెలియకపోవడంలోనూ ఒక క్రమం ఉంది. 1929లో ఇక్కడ లిబరల్ పార్టీ తరఫున మేగన్ లాయిడ్ జార్జ్ గెలిచి, వేల్స్ నుంచి పార్లమెంటుకు వెళ్లిన మొదటి మహిళ అయ్యారు. మాజీ ప్రధాని అయిన తండ్రి జలసంధికి ఆ గట్టున కైర్నార్వన్ పట్టణాలకు సభ్యుడు, కూతురు ఈ గట్టున సభ్యురాలు. నీరు ఇంటి మధ్య పెరట్లా ఉండేది. 1951లో ఆమె 595 ఓట్ల తేడాతో లేబర్ అభ్యర్థి, హోలీహెడ్ బిడ్డ క్లెద్విన్ హ్యూస్ చేతిలో ఓడిపోయారు. ఆ తర్వాత డెబ్భై మూడేళ్ల పాటు ఈ ద్వీపం సిట్టింగ్ సభ్యుణ్ణి ఒక్కసారి కూడా ఓడించలేదు.

ద్వీపవాసులకు ఆయా పార్టీల మీద భక్తి వల్ల ఇలా జరిగిందని అనుకుంటే పొరబాటే. 1979లో హ్యూస్ పోటీ నుంచి తప్పుకోగానే సీటు లేబర్ నుంచి కన్సర్వేటివ్‌ల చేతికి వెళ్లింది. 1987లో వారి సభ్యుడు తప్పుకోగానే వేల్స్ జాతీయ పార్టీ అయిన ప్లైడ్ కమ్రీకి వెళ్లింది. 2001లో ఆ పార్టీ నాయకుడు యెయాన్ విన్ జోన్స్ కార్డిఫ్‌లోని వేల్స్ అసెంబ్లీకే పరిమితమై తప్పుకోగానే ఎనిమిది వందల ఓట్ల తేడాతో తిరిగి లేబర్‌కు వచ్చింది. 2019లో లేబర్ సభ్యుడు ఆల్బర్ట్ ఓవెన్ తప్పుకోగానే మళ్లీ కన్సర్వేటివ్‌లకు చేరింది. ఈ ఓటర్లు మంచి ఇంటి యజమానుల వంటివారు: అద్దెకున్న మనిషిని బలవంతంగా ఖాళీ చేయించరు, ఆయనంతట ఆయన వెళ్లిపోతే మాత్రం ఆయన బంధువులకు ఆ ఇల్లు ఇవ్వరు. 2015లో ఓవెన్‌గారు 229 ఓట్లతో బయటపడ్డారంటే అప్పటికి సామాను సగం సర్దుకుని ఉంటారనే నా అనుమానం.

ఓటు విలువల సమానత్వం మీద ఈ నియోజకవర్గం చేసిన మరొక ప్రయోగం 1984 నాటిది. బ్రిటిష్ టెలికాం సంస్థ వాటాలను ప్రభుత్వం ప్రజలకు అమ్మినప్పుడు ఒక మనిషి ఒక దరఖాస్తే పెట్టుకోవాలన్నది నిబంధన. అప్పటి ద్వీప సభ్యుడు కీత్ బెస్ట్ ఒకటికి మించి దరఖాస్తులు పెట్టారు. 1987లో కోర్టులో నేరం రుజువైంది. దీన్ని అత్యాశ అన్నవారు ఉన్నారు. సగటు కంటే తక్కువ మంది ఓటర్లు ఉన్నచోట నుంచి వచ్చిన సభ్యుడు ఆ లోటును దరఖాస్తుల సంఖ్యతో భర్తీ చేయబోయాడన్న కోణంలో ఎవరూ ఆలోచించలేదు.

ఇక అసలు విషయానికి, అంటే ద్వీపం ద్వీపమేనని ఎప్పుడు తేలిందన్న విషయానికి వద్దాం. సమాన సంఖ్య సూత్రాన్ని కట్టుదిట్టం చేస్తూ 2011లో చేసిన చట్టం స్కాట్లండ్ ద్వీపాల స్థానాలు రెండింటికి మినహాయింపు ఇచ్చింది. పార్లమెంటు ఎగువ సభ అయిన ప్రభువుల సభ పట్టుబట్టడంతో దక్షిణ ఇంగ్లండ్‌లోని వైట్ ద్వీపం కూడా జాబితాలో చేరింది. అనిస్ మోన్ చేరలేదు. అప్పుడు అక్కడి సభ్యుడు లేబర్ పార్టీవాడు, ప్రభుత్వం కన్సర్వేటివ్ నాయకత్వంలోది అన్న సంగతికీ దీనికీ సంబంధం అంటగట్టడం సంస్కారం కాదు. ఆ ఏడాది చట్టం రాసేవారి పటంలో ఆ చోట నీలం రంగు పలుచగా పడి ఉంటుందంతే. ఆ చట్టం ప్రకారం కమిషన్ తయారుచేసిన ప్రతిపాదనలు ద్వీపానికి జలసంధి అవతలి గట్టునున్న బ్యాంగర్ వైపు నేలను అతికించాయి; అవి రాజకీయ గొడవల్లో చిక్కుకుని అమలు కాలేదు. 2019 డిసెంబరులో కన్సర్వేటివ్ అభ్యర్థి వర్జీనియా క్రాస్బీ 1,968 ఓట్ల ఆధిక్యంతో గెలిచారు. 2020లో కొత్త బిల్లు సభకు వచ్చింది. వచ్చినప్పుడు లేని మినహాయింపు, చర్చలు ముగిసేసరికి అందులో ఉంది. తొమ్మిదేళ్లలో మెనై జలసంధి వెడల్పు ఒక్క అడుగైనా పెరిగిందని ఏ నావికుడూ చెప్పలేదు గాని, ద్వీపం మాత్రం ద్వీపమైపోయింది. న్యాయంగా చెప్పాలంటే దీన్ని ప్రతిపక్షం కూడా వ్యతిరేకించలేదు. అన్ని పార్టీలకూ ఏదో ఒక రోజు ఆ ఇల్లు అద్దెకు దొరుకుతుందన్న ఆశ ఉంది మరి.

ఏరు దాటేదాకా ఓడమల్లన్న, ఏరు దాటాక బోడిమల్లన్న అని మనవాళ్లు ఊరికే అనలేదు. మెనై గట్టున మల్లన్న వంతెన రూపంలో వెలిశాడు. టెల్ఫర్డ్ 1826లో కట్టిన వేలాడే వంతెన ఒకటి, స్టీఫెన్‌సన్ 1850లో కట్టిన బ్రిటానియా రైలు వంతెన ఒకటి. బ్యాంగర్ ఆసుపత్రికీ విశ్వవిద్యాలయానికీ వెళ్లే ద్వీపవాసులు వీటి మీదుగానే వెళతారు గాని, ఓటు వేసే రోజు మాత్రం ఈ వంతెనలు లేవనే భావించాలి. 1970లో కొందరు కుర్రాళ్లు బ్రిటానియా వంతెనలోకి దివిటీతో దూరి పొరపాటున దాన్ని తగలబెట్టారు. అది ఆకతాయితనం కాదనీ, నియోజకవర్గ హద్దుల పరిరక్షణకు జరిగిన తొలి పౌర ప్రయత్నమనీ నా అభిప్రాయం. 2022 అక్టోబరు నుంచి 2023 ఫిబ్రవరి దాకా భద్రతా కారణాలతో టెల్ఫర్డ్ వంతెనను మూసివేయడం వల్ల కూడా ద్వీపత్వం కొంత బలపడింది. అప్పుడు వాహనాల వరుసల్లో గంటల తరబడి కూర్చున్నవారికి తాము చట్టరీత్యా ఎంత ప్రత్యేకమైనవారో ఆలోచించుకునే తీరిక దొరికింది.

2024 జూలైలో యజమానులు ఎట్టకేలకు ఒక అద్దెదారుతో ఇల్లు ఖాళీ చేయించారు. చుట్టూ చట్టం అనే ప్రహరీ గోడ లేచిన తర్వాత జరిగిన మొదటి ఎన్నికలోనే క్రాస్బీ ఓడిపోయారు. ద్వీప కౌంటీ మండలి నాయకురాలిగా ఉన్న ప్లైడ్ కమ్రీ అభ్యర్థి లినోస్ మెది 637 ఓట్ల తేడాతో గెలిచారు. ఆ ఎన్నికలో వేల్స్ మొత్తం మీద కన్సర్వేటివ్‌లకు ఒక్క స్థానమూ దక్కలేదు కనుక, గోడ కట్టించకపోయినా క్రాస్బీ నిలిచేవారు కాదని సర్దిచెప్పుకోవచ్చు. గత నూరేళ్లలో ఈ ద్వీపం ఓడించిన సిట్టింగ్ సభ్యులు ఇద్దరే, ఇద్దరూ మహిళలే. దీని మీద వ్యాఖ్యానించేందుకు ద్వీపంలోని ఏ పురుష ఓటరూ ముందుకు వస్తారని నేను ఆశించడం లేదు.

సముద్రానికి ఇంతటి గౌరవం దక్కిందని సంబరపడేలోగా కార్డిఫ్ నుంచి మరొక వార్త వచ్చింది. వేల్స్ సొంత చట్టసభ అయిన సెనెద్ తన సభ్యుల సంఖ్యను అరవై నుంచి తొంభై ఆరుకు పెంచుకుంటూ, ఉన్న ముప్ఫై రెండు పార్లమెంటు నియోజకవర్గాలను జంటలుగా కట్టి పదహారు చేయాలని 2024లో చట్టం చేసింది. జంట కుదర్చడంలో సముద్రాన్ని సంప్రదించలేదు. 2026 ఎన్నికలకు అనిస్ మోన్‌ను బ్యాంగర్ అబర్‌కాన్వీతో ముడిపెట్టి, పుట్టిన బిడ్డకు బ్యాంగర్ కాన్వీ మోన్ అని పేరు పెట్టారు. లండన్‌కు సభ్యుణ్ణి పంపేటప్పుడు దాటరానిదైన జలసంధి, కార్డిఫ్‌కు ఆరుగురిని పంపేటప్పుడు ఇంకిపోతుంది. మెనై బ్రిడ్జ్ ఊరిలోని ఓటరు ఒక ఎన్నికలో ద్వీపవాసి, ఇంకొక ఎన్నికలో గట్టువాసి. ఓటర్ల జాబితాలో చిరునామా మాత్రం ఒక్కటే.

ఈ మార్పు గురించి జలసంధికి అధికారికంగా నోటీసు అందినట్టు లేదు. అది యథావిధిగా రోజుకు రెండుసార్లు పోటెత్తి, తన హద్దు తాను సరిచూసుకుని వెళుతోంది.