మహారాజశ్రీ బురదరంగు గారికి

అయ్యా,

నమస్కరించి రాయునది. ఇక్కడ డైనింగ్ బల్ల తప్ప అందరం క్షేమం.

మిమ్మల్ని నేను కొనలేదు. దుకాణంలో డబ్బిచ్చి తెచ్చుకున్నవి ఎరుపు, పసుపు, నీలం, ఆకుపచ్చ, తెలుపు. బిల్లులో ఎక్కడా మీ పేరు లేదు. అయినా నైరూప్య చిత్రం వేద్దామని కూర్చున్న ప్రతిసారీ, అరగంట తిరిగేసరికి కాన్వాసు నడిమధ్యలో మీరే కొలువుతీరి ఉంటున్నారు. దీనికి సంజాయిషీ కావాలి.

బొమ్మలు గీయడం రానివాళ్లకు నైరూప్య చిత్రం సులువని ఎవరో పుణ్యాత్ములు ప్రచారం చేశారు. గుర్రం వేస్తే కుక్కలా ఉందని నవ్వుతారు గానీ, గుర్రమే లేని బొమ్మలో తప్పు పట్టేదెవరు? ఆ ధీమాతోనే ఇడ్లీ పళ్లెం గుంతల్లో రంగులు పిండుకుని, పాత టూత్ బ్రష్షు, అట్లకాడ పక్కన పెట్టుకుని దిగుతాం. మొదటి పది నిమిషాలు నిజంగానే బాగుంటుంది. అక్కడ ఆపేస్తే మీకు పని లేదు. కానీ ఓ మూల ఖాళీగా కనిపిస్తుంది, చెయ్యి ఊరుకోదు. ఎరుపు మీద ఆకుపచ్చ, నీలం మీద నారింజ, పసుపు మీద ఊదా: ఏ జత తడితడిగా కలిసినా మీరు హాజరు. ఒక్కో రంగూ వెలుతురులో తన వాటా మింగేసి, మిగిలినది మన కంటికి పంపిస్తుందట. ఎదురెదురు రంగులు కలిస్తే ఒకటి వదిలింది రెండోది మింగేస్తుంది. ఆ రెండూ తినగా మిగిలిన ఎంగిలి మీరు.

పోనీ తరిమేద్దామని తెలుపు కలిపితే మీరు పోరు, కాస్త పాలిపోయి ఇంకొంత చోటు ఆక్రమిస్తారు. నీలం కలిపితే ముదురుతారు. ట్యూబులు ఖాళీ అవుతాయి, మీ వంశం వృద్ధి చెందుతుంది.

ఈ కుట్రలో నేను వాడే యాక్రిలిక్ రంగులకూ వాటా ఉంది. తడిగా ఉన్నప్పుడు వాటిలోని జిగురు పాలలా తెల్లగా ఉండి, ఆరిన తర్వాత పారదర్శకమవుతుంది. అందుకని రాత్రి పడుకునేముందు 'ఫరవాలేదు, ఇందులోనూ ఒక గాంభీర్యం ఉంది' అనిపించిన మీరు, తెల్లవారేసరికి మరో మెట్టు నల్లబడి పళ్లికిలిస్తారు.

పెద్దల దగ్గర మీ నడవడిక వేరని తెలిశాక ఒళ్లు మండింది. అమెరికా చిత్రకారుడు జాక్సన్ పొలాక్ 1950లో సుమారు 17 అడుగుల కాన్వాసు నేలమీద పరిచి, ఎనామెల్ రంగులు చిలకరించి 'ఆటమ్ రిదమ్' వేశాడు. నలుపు, తెలుపు, కాస్త నీలిపచ్చ, వాటి సరసన సాక్షాత్తూ మీరు! అన్నీ అల్లుకుపోయినా ఎవరి గీత వారిదిగానే కనిపిస్తుంది. ఎంత బుద్ధిగా ఉన్నారండీ అక్కడ! 1957 నుంచి న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో శాశ్వత ఉద్యోగం కూడానూ. మా ఇంటికి మాత్రం పనీపాటా లేనట్టు వచ్చి పడతారు.

శ్రీకాళహస్తి కలంకారీ కళాకారులైతే మిమ్మల్ని అసలు గుమ్మమే తొక్కనివ్వరు. బట్టను కరక్కాయ, గేదెపాలు కలిపిన నీళ్లలో ముంచి ఆరబెడతారు. ఆ పాల కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. బెల్లం, తుప్పుపట్టిన ఇనుము పులియబెట్టి తీసిన నలుపుతో గీతలు పూర్తిచేసి, ఆపైన ఒక్కో రంగూ వేయడం, ఉతకడం, ఎండబెట్టడం. ముందుది ఎండేదాకా తర్వాతి రంగు ఊసే ఉండదు. అదంతా తీరిక ఉన్నవాళ్ల వ్యవహారం. నాకున్నది ఆదివారం భోజనానికీ నాలుగింటి టీకీ మధ్య వ్యవధి. ఈలోగా కళాఖండం పూర్తయి, ఐదింటికల్లా వాట్సాప్ స్టేటస్‌లోకి ఎక్కాలి. ఆ మాత్రం సర్దుకోలేరా?

ఇక ఇంటికొచ్చేవాళ్లు. "ఇది ఏమిటి?" అని అడగకుండా కాఫీ కప్పు ముట్టుకున్న చుట్టం లేడు. మా బాబాయి కళ్లజోడు సవరించుకుని మీలో వినాయకుణ్ణి కనిపెట్టాడు. తొండం ఎటు తిరిగిందో కూడా చూపించాడు. పిన్ని చెంపలు వేసుకుంది. అప్పటి నుంచి ఆ బొమ్మను చెప్పుల అలమర మీద పెట్టడానికి వీల్లేకుండా పోయింది. ఒక్క లాభం మాత్రం ఒప్పుకోవాలి. జర్మనీలో డ్యూసెల్‌డార్ఫ్ మ్యూజియంలోని డచ్ చిత్రకారుడు మాండ్రియన్ టేపులంటించి చేసిన నైరూప్య చిత్రం ఒకటి దశాబ్దాలుగా తలకిందులుగా వేలాడుతోందని 2022లో అక్కడి క్యూరేటర్ తేల్చారు. తిప్పితే ఆ టేపులు ఊడిపోతాయని అలాగే ఉంచేశారు పాపం. మాకు ఆ సందేహం లేదు. తొండాన్ని బట్టి పైభాగం ఖరారైంది.

అసలు విషయం ఇప్పుడు రాస్తున్నాను. మా వదిన కొత్త ఫ్లాటుకు సోఫా కొంది. అది అచ్చం మీ రంగే. గోడ మీది బొమ్మను చూసి, టీవీకి ఇటొకటి అటొకటి కావాలని పట్టుబట్టింది. రంగు రవ్వంత తేడా రాకూడదట. గృహప్రవేశం ముహూర్తం దగ్గరపడింది, కాన్వాసులు వచ్చేశాయి. అవే ట్యూబులతో, అదే బల్ల మీద కూర్చుని కలుపుతున్నాను. ఒకసారి ఇటుకరంగు వచ్చింది, ఒకసారి ఉసిరికాయ రంగు. నిన్నటి ఊదా ఎంత స్వచ్ఛంగా వచ్చిందంటే, మా ఆవిడ మెచ్చుకుంది కూడా. మీ జాడ లేదు. ఆనాడు ఏ పాళ్లలో దయచేశారో మీకు తప్ప ఎవరికీ తెలియదు.

కనుక పై ఆరోపణలన్నీ వెనక్కి తీసుకుంటున్నాను. గురువారంలోగా తప్పక రాగలరు.

ఇట్లు,
మీ రాక కోసం ఎదురుచూసే
గృహ చిత్రకారుడు

తా.క.: రెండు కాన్వాసులకు సరిపడా రండి.