హతులకు ఒక విన్నపం

హత్యలను ధారావాహికలుగా మలచే నిర్మాతల శ్రమను లోకం గుర్తించకపోవడం శోచనీయం. హంతకుడు తన పనిని కొన్ని నిమిషాల్లో ముగించి వెళ్ళిపోతాడు. దానినే ఎనిమిది భాగాలకు సాగదీసి, కత్తి పైకి లేచిన క్షణానికి సరిగ్గా సబ్బు ప్రకటన వచ్చేట్టు కూర్చడం మాత్రం అందరి వల్లా అయ్యే పని కాదు. ఇంత చేస్తున్నా హతుల వైపు నుంచి తగిన సహకారం అందడం లేదు. హంతకుడికి కష్టాల బాల్యం ఉంటుంది, అతని మనసును విశ్లేషించడానికి నిపుణులు బారులు తీరుతారు, వేషం కట్టడానికి అందగాడైన నటుడు దొరుకుతాడు. హతుడి దగ్గర పుట్టినరోజు ఫొటో ఒకటి తప్ప ఏమీ ఉండదు.

17 మందిని చంపిన జెఫ్రీ డామర్ కథను నెట్‌ఫ్లిక్స్ 2022లో ప్రసారం చేస్తే, జనం 60 రోజుల్లో 100 కోట్ల గంటలకు పైగా చూశారు. ఆ పాత్ర వేసిన నటుడికి గోల్డెన్ గ్లోబ్ అవార్డు వచ్చింది. 1992లో ఒక హతుడి సోదరి కోర్టులో కడుపుమంటతో అరిచిన అరుపులను అందులో ఉన్నవి ఉన్నట్టుగా మళ్ళీ నటింపజేశారు. తననెవరూ సంప్రదించలేదని ఆమె తరువాత వాపోయింది. సంప్రదించడం దేనికి? మాటలు రికార్డులో భద్రంగా ఉన్నాయి, పైగా రిహార్సల్ లేకుండానే ఆమె మొదటిసారే బాగా చేసింది.

1988లో వచ్చిన ఒక డాక్యుమెంటరీ, చేయని హత్యకు జైల్లో మగ్గుతున్న రాండల్ ఆడమ్స్ మరుసటి ఏడు బయటపడడానికి తోడ్పడిన మాట నిజమే. కాని అస్తమానం అలా జరిగితే రెండో సీజన్‌కు కథ ఎక్కడిది?

అసలు చిక్కు తల్లులతో. లైట్లు సర్దకముందే ఏడ్చేస్తారు. "అమ్మా, ఇప్పుడు వెలుతురు సరిపోయింది, ఆ రాత్రి ఫోన్ వచ్చిన సంగతి మళ్ళీ ఒకసారి చెప్పండి" అని బతిమాలితే, రెండోసారి కన్నీటి చుక్క రాలదు సరికదా, అక్కరలేనివన్నీ మొదలుపెడతారు: పోలీసులు వెళ్ళాక గదిలో నెత్తురు తామే కడుక్కున్నారట, ఎన్ని బకెట్ల నీళ్ళు పోసినా గచ్చు పగులులో మరక పోలేదట, వాయిదా పడ్డ ప్రతిసారీ అదే చీర కట్టుకొని కోర్టుకు వెళ్తున్నారట. వీటికి నేపథ్య సంగీతం ఏమని వేస్తారు? దర్శకుడు కట్ చెప్పి, కెమెరాను వరండాలోని ఖాళీ ఉయ్యాల వైపు తిప్పించాడు. ఆమె ఇంకా చెబుతూనే ఉంది. కాలరు మైకు విప్పడానికి వచ్చిన కుర్రాడు, చేతిలో తీగ పట్టుకొని, ఎప్పుడు ఆపుతుందా అని నిలబడ్డాడు.