రెడీగా లేని రాజట!

మా మేనకోడలు ఇంగ్లిష్ ఎంఏ చదువుతోంది. మొన్న దాని నోట్సు తిరగేస్తుంటే ఒక లైను కంటపడింది. "ఎథెల్‌రెడ్ ది అన్‌రెడీ: యుద్ధానికి ఎప్పుడూ సిద్ధంగా లేకపోవడం వల్ల ఈ రాజుకు ఆ పేరు వచ్చింది." పక్కన ఎర్రసిరాతో రెండు మార్కులు అని కూడా వేసుకుంది. "అది ఇంపార్టెంట్ మామయ్యా, పేజీ మడవకు" అంది. అప్పట్నుంచి నాకు నిద్ర సరిగ్గా పట్టడం లేదు. వెయ్యేళ్ల కిందట ఇంగ్లండుని ఏలి పోయిన పెద్దమనిషి మీద ఇంత అభాండమా?

అన్‌రెడీ అంటే రెడీగా లేకపోవడం కాదు మహాప్రభో. అప్పటి ఇంగ్లిష్‌లో రేడ్ అంటే సలహా, ఆలోచన. ఎథెల్ అంటే గొప్ప, ఉత్తమ. రాజుగారి పేరుకే ఉత్తమమైన ఆలోచన అని అర్థం. దానికి తోకగా 'అన్‌రేడ్' తగిలించారు, అంటే తప్పుడు సలహా. మనవాళ్లు 'పేరు గొప్ప ఊరు దిబ్బ' అని నాలుగు మాటల్లో చెప్పినదాన్ని వాళ్లు రెండు మాటల్లో తేల్చేశారు. ఆయన బతికుండగా ఎవరైనా అనుకున్నారో లేదో గానీ, రాతలో మాత్రం ఆయన పోయిన వందేళ్లు దాటాకే కనబడుతుంది. తర్వాత తరాలకి ఆ రేడ్ అన్న మాట వాడుకలోంచి పోయి, చెవికి రెడీలా వినిపించి, రెడీ చేసి పారేశారు. ఇప్పుడు అది మా పిల్ల నోట్సులో రెండు మార్కులకి పడి ఉంది.

రెడీగా లేడా ఆయన? ఆయనంత రెడీగా ఉన్న రాజు ఇంగ్లండుకి మళ్లీ దొరకలేదు. 991లో ఎసెక్స్‌లోని మాల్డన్ దగ్గర వైకింగులు (స్కాండినేవియా, అంటే డెన్మార్క్, నార్వే, స్వీడన్‌ల నుంచి ఓడల్లో వచ్చే దోపిడీదారులు) దిగి డబ్బు ఇస్తే పోతాం అన్నారు. అక్కడి నాయకుడు బిర్ట్‌నోథ్ ఈటెలిస్తాం పుచ్చుకోండి అన్నాడు, పైగా పౌరుషానికి పోయి వాళ్లని కాలువ దాటి రానిచ్చాడు, ప్రాణం పోగొట్టుకున్నాడు. దీని మీద మంచి పద్యం ఉంది, మొదలూ చివరా పోయి 325 లైన్లు మిగిలింది, ఆ మిగిలిన రాతప్రతి కూడా 1731లో కాలిపోయింది, అంతకుముందే ఎవరో పుణ్యాత్ముడు ఎత్తిరాసుకున్నాడు కాబట్టి మనకి దక్కింది. సరే, పద్యం పద్యమే. అదే ఏడాది రాజుగారు సిగెరిక్ అనే ఆర్చిబిషప్ సలహా మీద వైకింగులకి 10,000 పౌండ్లు లెక్కపెట్టి ఇచ్చారు. పౌండుకి 240 వెండి పెన్నీలు. పుస్తకాల్లో దీన్ని కప్పం అంటారు. మన వీధుల్లో మామూలు అంటాం.

మామూలు ఇచ్చిన కొట్టు దగ్గరికే మళ్లీ వస్తారన్న సంగతి రోడ్డు పక్క బజ్జీల బండివాడికి కూడా తెలుసు. 994లో 16,000. 1002లో 24,000. 1007లో 36,000. 1012లో 48,000. ఇంత క్రమం తప్పకుండా ఇంక్రిమెంట్లు ఇచ్చిన యజమానిని చూపించండి చూద్దాం. ఆయన బొమ్మ ఉన్న నాణేలు ఇవాళ ఇంగ్లండులో కంటే స్కాండినేవియా మట్టిలోనే ఎక్కువ దొరుకుతున్నాయి. స్వీడన్‌లో ఉల్ఫ్ అనే వైకింగు పేరు మీద ఒక రాయి ఉంది. ఇంగ్లండులో మూడుసార్లు సొమ్ము పుచ్చుకున్నాడు, మొదట టోస్టి అనే నాయకుడు పంచాడు, తర్వాత థోర్కెల్, తర్వాత క్నూట్ అని దాని మీద చెక్కించారు. ఎక్కడెక్కడ పనిచేశాడో వరసగా రాసిన బయోడేటా అన్నమాట.

అయినా పోరాడలేదని అనకండి, పోరాడే ప్రయత్నం కూడా జరిగింది. నాకు ఆ ముచ్చట ఎన్నిసార్లు చదివినా తనివి తీరదు. 1008లో దేశమంతా ఓడలు కట్టాలని ఆజ్ఞ. ఇంత భూమికి ఒక ఓడ, ఎనిమిది హైడ్‌లకి (హైడ్ అంటే అప్పటి భూమి కొలత) ఒక ఇనప టోపీ, ఒక కవచం. రైతుల నడుం విరిగింది గానీ ఓడలు తయారయ్యాయి. ఇన్ని ఓడలు ఏ రాజు హయాంలోనూ చూడలేదని అప్పటి వృత్తాంతం రాసినాయనే మురిసిపోయాడు. 1009లో అన్నీ శాండ్‌విచ్ రేవుకి చేరాయి (నవ్వకండి, అది ఊరి పేరే). శత్రువు జాడ లేదు. మనవాళ్లు ఖాళీగా ఉంటే ఏం చేస్తారు? బ్రిట్రిక్ అనే ఆయన వెళ్లి వుల్ఫ్‌నోథ్ అనే ఆయన మీద రాజుకి చాడీలు చెప్పాడు. వుల్ఫ్‌నోథ్‌కి ఒళ్లు మండి ఇరవై ఓడలు తోలుకుపోయి దక్షిణ తీరంలో సొంత దేశాన్నే దోచుకోవడం మొదలెట్టాడు. వాణ్ణి ప్రాణాలతోనో శవంగానో పట్టుకొస్తే పేరొస్తుందని బ్రిట్రిక్ ఎనభై ఓడలతో వెంటపడ్డాడు. తుఫాను వచ్చింది. ఎనభై ఓడలూ ఒడ్డుకి కొట్టుకుపోయి పగిలాయి. వుల్ఫ్‌నోథ్ తాపీగా వచ్చి వాటికి నిప్పు పెట్టాడు. ఈ కబురు అందగానే రాజుగారేం చేశారనుకున్నారు? ఇంటికెళ్లిపోయారు. ఆయన వెనకాలే మంత్రులూ, సామంతులూ. మిగిలిన ఓడలని లండన్‌కి నడుపుకుపోయారు. మొత్తం యుద్ధంలో డేనుల (డెన్మార్క్ వాళ్ల) అవసరమే పడలేదు, ఒక్క బాణం వెయ్యకుండా వంద ఓడల లెక్క తేలిపోయింది. ఆగస్టు ఒకటి దాటగానే అసలు శత్రువు వచ్చి ఎక్కడ దిగాడంటే, శాండ్‌విచ్‌లోనే. రేవు ఖాళీగా ఉంది మరి.

అప్పుడొచ్చింది అసలైన రక్షణ పథకం. ప్రజలందరూ మూడు రోజులు రొట్టె, ఆకుకూర, నీళ్లతో ఉపవాసముండి, చెప్పులు లేకుండా చర్చికి నడవాలని ఆజ్ఞ. నాణేల మీద రాజుగారి బొమ్మ తీసి గొర్రెపిల్లని వేయించారు. క్రీస్తుకి గుర్తని పండితులు చెబుతారు, నేను కాదనను, ఆ ఏడాదికి గొర్రెపిల్లే సరిగ్గా అతికింది.

ఇంతవరకూ నవ్వుకోవచ్చు. కానీ ఈ రాజు నిజంగా రెడీ అయిన రోజు ఒకటుంది. 1002 నవంబర్ 13. డేనులు తనని, తన మంత్రులని చంపబోతున్నారని ఎవరో చెవిలో వేశారట. మళ్లీ సలహా! దేశంలో కాపురముంటున్న డేనులందరినీ చంపమని హుకుం. ఓడల్లో కత్తులు పట్టుకు తిరిగేవాళ్లని కాదు, వాళ్లకి అదే ఏడాది 24,000 పౌండ్లు ముట్టజెప్పి పంపారు. డేనులు ఎక్కువమంది ఉన్న ఉత్తరాదిలో ఈ హుకుం నడిచే పని కాదు. పక్కింట్లో ఉన్నవాళ్లు, నలుగురే ఉన్నారు కాబట్టి దొరికారు. ఆక్స్‌ఫర్డ్‌లో వాళ్లు ప్రాణభయంతో సెయింట్ ఫ్రైడ్స్‌వైడ్ చర్చి తలుపులు బద్దలుకొట్టి లోపల దాక్కుంటే, ఊరివాళ్లు చర్చికే నిప్పు పెట్టారు. రెండేళ్ల తర్వాత ఆ చర్చి ఆస్తులకి కొత్త పత్రాలు రాయించినప్పుడు రాజు ఏమని రాయించాడో తెలుసా? గోధుమ చేలో కలుపులా మొలిచిన డేనులని ఏరేయడం అత్యంత న్యాయమైన పని అని. ఆస్తి దస్తావేజులో! సిగ్గు లేకుండా, సంతకాలతో! కలుపట! ఆ చర్చిలో కాలిన వాడు ఆ ఊళ్లోనే బతుకుతున్నవాడు. కాలిన ఆస్తికి పత్రం ఉంది, కాలిన మనుషుల్లో ఒక్కడి పేరు కూడా ఆ పత్రంలో లేదు. ఈ రాజు ఏ చట్టాలు రాయించి పేరు తెచ్చుకున్నాడో ఆ చట్టం అన్న మాట, 'లా', డేనుల దగ్గర తెచ్చుకున్నదే. హజ్బెండ్, ఎగ్, విండో, దే, అన్నీ వాళ్లవే. వాళ్ల మాట లేకుండా ఇవాళ ఒక ఇంగ్లిష్‌వాడు పొద్దున కిటికీ తీసి గుడ్డు అడగలేడు. దీని గురించి నోట్సులో ఒక్క ముక్క లేదు. ఉన్నది రెడీగా లేడన్న జోకు.

ఇదంతా చెబితే మా పిల్ల ఆవులించి, "రెండు మార్కులకి ఇంత రాయలేను మామయ్యా, చివరికేమైంది?" అంది.

1013లో డెన్మార్క్ రాజు స్వెయిన్ వచ్చి దేశం మొత్తం పట్టుకున్నాడు. మనవాడు బావమరిది ఇంటికి, నార్మండీకి పారిపోయాడు. మరుసటి ఫిబ్రవరిలో స్వెయిన్ హఠాత్తుగా పోయాడు. మంత్రులు కబురు పంపారు: సొంత రాజుని మించిన ఆప్తుడు మాకెవరూ లేరు, మునుపటికంటే కాస్త న్యాయంగా ఏలతానంటేనే రండి. అలాగే అన్నాడు రాజు, మీకు నచ్చనివన్నీ సరిచేస్తానని కూడా మాటిచ్చాడు. తిరిగొచ్చాడు. ఆ ఏడాదే గ్రీనిచ్‌లో దిగి ఉన్న వైకింగు సైన్యానికి 21,000 పౌండ్లు ఇమ్మని ఉత్తర్వు వేశాడు.

రెడీ క్యాషు.