సీజర్ గొంతును కిందికి దించొద్దు

1724 ఫిబ్రవరి 20న లండన్ కింగ్స్ థియేటర్‌లో స్వరకర్త హాండెల్ ఒపెరా (పాటలతోనే నడిచే నాటకం) ‘జూలియో చేజారే’ తొలిసారి ప్రదర్శించారు. అందులో జూలియస్ సీజర్ పాడేది ఆల్టోలో, అంటే ఇవాళ మనం ఆడవాళ్ల గొంతు అనుకునే ఎత్తులో. ఆ పాత్ర వేసిన సెనెసీనో ఒక కాస్ట్రాటో. గొంతు మారకుండా చిన్నప్పుడే వృషణాలు తీయించేసిన గాయకుడన్నమాట. ఆ ఆచారం ఘోరమైనది, పోవడమే మంచిదైంది. ఆ గొంతుల కోసం రాసిన సంగీతం మాత్రం ఏం పాపం చేసింది?

20వ శతాబ్దంలో ఈ ఒపెరాలను మళ్లీ బయటికి తీసినవాళ్లకు వీరుడంటే లోతైన మగ గొంతే ఉండాలనిపించింది. పాత్రను ఒక స్థాయి కిందికి దించేశారు. 1922లో జర్మనీలోని గొట్టింగెన్‌లో సీజర్‌ది బారిటోన్, అంటే మగవాళ్ల మధ్యస్థాయి గొంతు. 1966లో న్యూయార్క్ సిటీ ఒపెరాలో సీజర్‌గా పాడింది ఇంకా కింది గొంతున్న బేస్ బారిటోన్ నార్మన్ ట్రీగల్.

దీనివల్ల ఏం పోయిందో ‘వా తాచితో’ పాట వింటే తెలుస్తుంది. కథలో ఈజిప్టు రాజు టోలెమీ, సీజర్ ప్రత్యర్థి పాంపే తల నరికించి సీజర్‌కు కానుకగా పంపాడు. తర్వాత ఇద్దరూ ఎదురుపడి పైపై మర్యాదలు చేసుకుంటారు. అప్పుడే సీజర్ ఈ పాట ఎత్తుకుంటాడు: వేట మీద కన్నున్నవాడు చడీచప్పుడు లేకుండా పొంచి నడుస్తాడని. తోడుగా ఒకే ఒక్క హార్న్, అంటే బాకా లాంటి ఇత్తడి వాద్యం. అది పలికిన పలుకును గొంతు అందుకుంటుంది, మళ్లీ గొంతును హార్న్ వెంటాడుతుంది, రెండూ దాదాపు ఒకే ఎత్తులో. గొంతును కిందికి దించితే ఆ వెంటాడటం పోతుంది. పొంచి ఉన్న వేటగాడి బదులు గద్దించే పెద్దమనిషి మిగులుతాడు. పైగా 1724లో టోలెమీ కూడా ఆల్టోనే. ఒకే రకం గొంతులున్న ఇద్దరు శత్రువులు ఒకరినొకరు అంచనా వేసుకోవడంలోనే ఆ సీన్ టెన్షన్ అంతా ఉంది.

మరి ఇప్పుడెవరు పాడాలి? ఆడవాళ్ల ఎత్తులో పాడే మగ గాయకులు, అంటే కౌంటర్‌టెనర్లలో గొప్పవాళ్లున్నారు, కాదనను. అయినా నా ఓటు కాంట్రాల్టో స్త్రీలకే, అంటే ఆడవాళ్లలో అన్నిటికన్నా కింది గొంతున్నవాళ్లకే. సెనెసీనో పాత్రలకు బలమంతా మధ్య స్వరాల్లో, కింది స్వరాల్లో ఉంటుంది. చాలామంది కౌంటర్‌టెనర్ల గొంతు సన్నబడేది సరిగ్గా అక్కడే. ఇదేమీ ఇప్పటి ఫ్యాషన్ కాదు. 1720 ఏప్రిల్‌లో హాండెల్ ‘రాదమిస్తో’ నాయకుడిగా పాడింది దురస్తాంతి అనే మహిళే. సెనెసీనో ఆ పాత్రలోకి వచ్చింది డిసెంబరులో. 1727లో వెనిస్‌లో స్వరకర్త వివాల్డి తన ఒపెరా ‘ఓర్లాండో’లో పిచ్చెక్కిన వీరుడి పాత్రను నేరుగా లూచియా లాంచెత్తీ అనే గాయనికే ఇచ్చాడు.

స్వరకర్త గ్లుక్ 1762లో ఆల్టో కాస్ట్రాటో గ్వాదాన్యి కోసం రాసిన ఓర్ఫియో పాత్రను, అంటే చనిపోయిన భార్య కోసం ఏడ్చే గాయకుడి పాత్రను, 1859లో పారిస్‌లో పౌలీన్ వియార్దో పాడింది. అప్పటినుంచి ఆ పాత్రలో స్త్రీని చూసి ఎవరూ ముఖం చిట్లించలేదు. ఓర్ఫియో ఏడుపుకు పనికొచ్చిన గొంతు సీజర్ కత్తికి ఎందుకు పనికిరాదు? 2005లో ఇంగ్లండ్‌లోని గ్లైండ్‌బోర్న్ ఒపెరా ఉత్సవంలో సారా కానలీ సీజర్‌గా పాడి జవాబు చెప్పనే చెప్పింది.