భూగర్భ జలాల ఖాతాలో జమే ఉంది, ఖర్చు లేదు

వానాకాలం వెళ్లగానే మన దగ్గర ఒక ప్రకటన తప్పకుండా వస్తుంది. ఫలానా జిల్లాలో భూగర్భ జలమట్టం ఇన్ని మీటర్లు పైకి వచ్చింది, ఇదంతా మా పథకం చలవే అని. ఎవరు అధికారంలో ఉన్నా ఈ ప్రకటన మారదు, పథకం పేరే మారుతుంది. ఆ తర్వాతి ఏడాది వాన మొహం చాటేస్తే, ఏప్రిల్ వచ్చేసరికి అదే జిల్లాలో చీనీ (బత్తాయి) తోటలకు ట్యాంకర్లు తిరుగుతుంటాయి. ప్రకటనా అబద్ధం కాదు, ట్యాంకర్లూ అబద్ధం కాదు. రెండూ ఒకే ఊళ్లో ఎలా కుదురుతున్నాయో తెలియాలంటే ముందు కాళ్ల కింద ఉన్న రాయి సంగతి చూడాలి.

ఉమ్మడి అనంతపురం జిల్లానే తీసుకుందాం. చాలావరకు గ్రానైట్, నైస్ లాంటి గట్టి రాళ్ల నేల. కృష్ణా, గోదావరి డెల్టాల్లో లాగా ఇసుక పొరల నిండా నీళ్లుండవు. పైన చిల్లులుపడి మెత్తబడ్డ రాతి పొరలో కొంత, ఆ కింద గట్టి రాతి పగుళ్లలో కొంత, అంతే. ఇలాంటి పొరలో వంద లీటర్ల మేర రాయి ఉంటే అది బోరుకు వదిలేది లీటరు, లీటరున్నర, మహా అయితే రెండు.

ఇప్పుడు ఆ 'మీటరు పెరిగింది' లెక్క వేద్దాం. ఒక ఎకరం అడుగున నీటిమట్టం మీటరు పెరిగితే, నూటికి ఒకటిన్నర చొప్పున, చేరిన నీళ్లు సుమారు 60 వేల లీటర్లు. ఐదు వేల లీటర్ల ట్యాంకర్లు పన్నెండు. ఒక ఎకరం వరికి పంటకాలమంతా 1,200 మిల్లీమీటర్ల నీళ్లు పడతాయనుకుంటే అది 48 లక్షల లీటర్లు దాటుతుంది. వేరుశనగకైనా 20 లక్షలు కావాలి. ఒక్క మంచి వానకు జలమట్టం గబగబా ఎగబాకడానికీ, నెల రోజులు మోటార్లు ఆడగానే అంతే గబగబా దిగిపోవడానికీ కారణం ఇదే. మీటర్లలో చెబితే పెద్దగా వినిపిస్తుంది, లీటర్లలో చెబితే ఎవరూ ప్రకటన ఇవ్వరు.

జిల్లాలో ఏడాదికి పడే వాన సగటున 550 మిల్లీమీటర్లు. అందులో భూమిలోకి ఇంకేది మహా అయితే పదో వంతు. అంటే ఒక్క ఎకరం వరికి పెట్టే నీళ్లు చేరాలంటే ఇరవై ఎకరాలకు పైగా నేల మీద పడ్డ వాన ఇంకాలి. వరిమడిలో పెట్టిన నీళ్లలో కొంత మళ్లీ కిందికే పోతుంది కదా అంటారు. ఆ మేరకు తీసేసినా పన్నెండు ఎకరాలకు తగ్గదు. ఊళ్లో ఎంతమంది బోరు కింద వరి నాటారో లెక్కపెట్టి, ఆ సంఖ్యను పన్నెండుతో గుణించి, ఊరి మొత్తం విస్తీర్ణంతో పోల్చి చూస్తే సంగతి తేలిపోతుంది. ఈ గుణకారం చేసి ఊరివాళ్లకు చెప్పేవాళ్లు అరుదు.

ప్రభుత్వాలు చేసిందంతా పనికిరాదని అనడం లేదు. 2000లో చంద్రబాబు ప్రభుత్వం నీరు-మీరు పేరుతో కొండవాలుల్లో కందకాలు తవ్వించింది, చెక్‌డ్యాంలు కట్టించింది. 2014 తర్వాత నీరు-చెట్టు వచ్చింది, పంట సంజీవని కింద పొలాల్లో కుంటలు తవ్వారు. తెలంగాణలో 2015 మార్చిలో మిషన్ కాకతీయ మొదలుపెట్టి 46 వేలకు పైగా చెరువులను బాగుచేస్తామన్నారు. పూడిక మట్టి పొలాలకు చేరింది, చాలాచోట్ల చెరువు కింది బావుల్లో నీళ్లు ఊరాయి. బిల్లులు, కాంట్రాక్టర్ల కథ వేరే ఉంది, దాని జోలికి ఇప్పుడు వెళ్లను. నా అభ్యంతరం ఇంకొకటి. ఇవన్నీ జమ వైపు రాసే పద్దులు. ఖర్చు వైపు పేజీ ఎవరూ తిప్పరు.

ఆ జమలోనూ ఒక తిరకాసు ఉంది. చెక్‌డ్యాం కట్టినంత మాత్రాన పడే వాన పెరగదు. ఎగువన వాగు మీద ఐదారు చెక్‌డ్యాంలు కడితే దిగువ చెరువుకు వచ్చే నీళ్లు ఆ మేరకు తగ్గుతాయి. 2003 ప్రాంతంలో డోన్, కల్యాణదుర్గం ప్రాంతాల్లో చేసిన నీటి ఆడిట్ సరిగ్గా ఈ సంగతే చెప్పింది. ఎగువన నీళ్లు ఆపే కట్టడాలు, బోర్లు పెరిగిన కొద్దీ పాత చెరువులకు నీళ్లు చేరడం తగ్గిపోయింది. చెక్‌డ్యాం పక్కన బోరున్న రైతు బాగుపడ్డాడు, కింద చెరువు ఆయకట్టు రైతు చెడ్డాడు. కొత్త నీళ్లు పుట్టలేదు, ఉన్న నీళ్లే చేతులు మారాయి. పనుల దగ్గర పెట్టే బోర్డు మీద ఈ రెండో రైతు ఎక్కడా కనిపించడు.

ఒక చేత్తో ఇంకిస్తూ ఇంకో చేత్తో తోడించడం మనకు మామూలైపోయింది. 2002లో నీరు, భూమి, చెట్ల పరిరక్షణకు వాల్టా చట్టం వచ్చింది. బోరు వేయాలంటే అనుమతి ఉండాలి, రిగ్గు రిజిస్టర్ అయి ఉండాలి, ఊరి తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపల కొత్త బోరు వేయకూడదు. రెండేళ్లకే, 2004 మేలో, ముఖ్యమంత్రిగా వైఎస్ రాజశేఖరరెడ్డి తొలి సంతకం ఉచిత కరెంటు మీద చేశారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి అది 24 గంటలైంది. 2020 సెప్టెంబర్‌లో జగన్ ప్రభుత్వం వైఎస్సార్ జలకళ పేరుతో రెండు లక్షల బోర్లు ఉచితంగా వేయిస్తామని 2,340 కోట్ల పథకం ప్రకటించింది. అతిగా తోడేసిన గ్రామాలను అందులోంచి మినహాయించిన మాట నిజమే. కానీ బోరంటే ప్రభుత్వమిచ్చే కానుక అని జనం మనసులో పడ్డాక మినహాయింపు ఎవరికి గుర్తుంటుంది?

వాల్టా ఎందుకు పనిచేయలేదో తెలుసుకోవడానికి కమిటీ అక్కర్లేదు. రిగ్గు వచ్చిన రాత్రి పొలం దగ్గర నిలబడితే చాలు. తమిళనాడు తిరుచెంగోడు బండి. నీళ్లెక్కడున్నాయో చెప్పడానికి అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకుని నడిచినాయన చూపించిన చోట సున్నంతో గుర్తు. అడుగుకు ఇంత అని రేటు, లోతు పెరిగే కొద్దీ ఆ రేటూ పెరుగుతుంది, కేసింగ్ పైపు ఖర్చు వేరే. మూడొందల అడుగులు దాటినా తెల్లటి దుమ్ము తప్ప ఏమీ లేవదు. "ఇంకో ఐదు రాడ్లు దింపుదామా అన్నా?" అని రిగ్గు మేస్త్రి అడుగుతాడు. ఐదు రాడ్లంటే ఇంకో వంద అడుగులు. అప్పటికే అంత డబ్బు పెట్టిన రైతు ఆ క్షణంలో వద్దనడం చాలా కష్టం. వద్దంటే పెట్టిందంతా మట్టిపాలు, ఊ అంటే ఆశ ఇంకాసేపు బతుకుతుంది. ఆ సమయంలో తహసీల్దారు ఆఫీసు నుంచి అనుమతి కాగితం ఉందా అని అడిగే మనిషి అక్కడ ఉండడు. ఉన్నా, పక్క పొలంలో పోయినేడు బోరు పడినప్పుడు ఎక్కడికి పోయావని రైతు అడిగితే అతని దగ్గర జవాబుండదు.

అందుకే రైతులదే తప్పంటూ తీర్పు చెప్పే వ్యాసాలంటే నాకు చిరాకు. భూమి ఎవరిదైతే కింద నీళ్లు వాళ్లవే అన్నట్టుగా మన చట్టం నడుస్తోంది. కానీ రాతి పగులుకు సర్వే నంబరు తెలియదు. నేను మోటారు ఆపితే ఆ నీళ్లు నా కోసం అక్కడే ఉండవు, గట్టు అవతలి బోరుకు పోతాయి. పొదుపు చేసినవాడు నష్టపోయి, తొందరపడినవాడు లాభపడే ఆట ఇది. తెలంగాణలో ఆటోమేటిక్ స్టార్టర్లు తీసేయమని అధికారులు ఊరూరా చెప్పినా తీసినవాళ్లు తక్కువ అంటే ఆశ్చర్యం లేదు. కరెంటు రాగానే పక్కవాడి మోటారు ఆడుతుంటే తనది మాత్రం ఎందుకు ఆపాలి?

ఇక డ్రిప్. 2003 నవంబర్‌లో ఉమ్మడి రాష్ట్రంలో సూక్ష్మ సేద్యం ప్రాజెక్టు పెట్టినప్పుడు దేశంలో అలాంటిది మొదటిది. చిన్న రైతుకు 90 శాతం దాకా సబ్సిడీ ఇచ్చారు. అనంతపురం నేడు పండ్ల జిల్లా అనిపించుకుంటోందంటే డ్రిప్ వల్లే. చీనీ, దానిమ్మ, అరటి, ద్రాక్ష. 2020లో తాడిపత్రి నుంచి అరటి గెలలు రైలెక్కి ఎగుమతికి వెళ్లాయి. రైతు ఆదాయం పెరిగింది, అందులో సందేహం లేదు. నీళ్లు మిగిలాయా అన్నదే ప్రశ్న. రెండెకరాలకు పారే బోరుకు డ్రిప్ వేస్తే నాలుగెకరాలకు పారుతుంది. రైతు ఆ నాలుగెకరాలూ వేస్తాడు, వేయకపోతేనే వింత. మిగిలిన నీళ్లను భూమిలోనే ఉంచితే డబ్బులిస్తామని ఎవరూ చెప్పలేదు కదా. సబ్సిడీ లెక్కల్లో మాత్రం ఇన్ని ఎకరాలకు డ్రిప్ ఇచ్చాం కాబట్టి ఇంత నీరు ఆదా అయిందని రాసేస్తారు.

ఇంకా పెద్ద చిక్కు చెట్టుతో వస్తుంది. వర్షాధార వేరుశనగ వేసినవాడు వాన లేకపోతే ఆ ఏడాది పంట పోగొట్టుకుంటాడు. చీనీ పెట్టినవాడు పదేళ్ల పెట్టుబడి పోగొట్టుకుంటాడు. వేసవిలోనూ చెట్టుకు నీళ్లు పోయాల్సిందే, ఈ ఏడాదికి సెలవు అంటే చెట్టు వినదు. బోరు ఎండితే కొత్త బోరు, అదీ ఫెయిలైతే ట్యాంకరు, ట్యాంకరుకు అప్పు. పండ్ల తోటల విస్తీర్ణం పెంచే శాఖ ఒకటి, భూగర్భ జలాలు చూసే శాఖ ఇంకొకటి. కొత్త తోటకు సబ్సిడీ ఇచ్చే ముందు ఈ వాగు పరిధిలో ఇంకెన్ని చెట్లకు వేసవి నీళ్లున్నాయని ఒకరు ఇంకొకర్ని అడిగే ఏర్పాటు లేదు.

కరెంటు మీటర్ల గురించి ఒక్క మాట. 2020లో వ్యవసాయ మోటార్లకు మీటర్లు బిగిస్తామని ఏపీ ప్రభుత్వం శ్రీకాకుళంలో మొదలుపెడితే అది రైతుల మెడకు ఉరి అన్న ప్రచారం జరిగింది. తెలంగాణలో మీటర్ల పేరెత్తడమే ఎన్నికల్లో నేరమైంది. ఎంత తోడుతున్నామో తెలియకుండా పొదుపు ఎలా అని ఇంజనీర్లు అడుగుతారు, న్యాయమే. ఇవాళ మీటరు, రేపు బిల్లు అన్న రైతు అనుమానం కూడా న్యాయమే. నమ్మకం కుదిరేదాకా ఈ దారి తెరుచుకోదు.

మరి ఖర్చు వైపు లెక్క రాసిన దాఖలా మన దగ్గర లేనే లేదా? ఉంది. బాధంతా అదే. 2000ల మధ్యలో అనంతపురం, కర్నూలు, కడప, చిత్తూరు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్గొండ జిల్లాల్లో సుమారు 640 గ్రామాల్లో రైతుల యాజమాన్యంలో భూగర్భ జలాల ప్రాజెక్టు నడిచింది. నెదర్లాండ్స్ డబ్బు, ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ తోడ్పాటు, మన స్వచ్ఛంద సంస్థల పని. అందులో ఎవరికీ మోటారివ్వలేదు, పైపులివ్వలేదు. ఊళ్లో వానకొలత డబ్బా పెట్టారు. ఎంచుకున్న బోర్లలో పదిహేను రోజులకోసారి రైతులే టేపు దించి నీళ్లు ఎన్ని అడుగుల లోతులో ఉన్నాయో కొలిచారు. ఆ అంకెలను ఊరి గోడ మీద అందరికీ కనిపించేలా రాశారు. ఖరీఫ్ అయిపోయాక, రబీ విత్తనాలకు ముందు, ఒకే వాగు పరిధిలోని ఊళ్లవాళ్లు కూర్చుని కింద ఉన్న నీళ్లెన్ని, మీరు వేస్తామంటున్న పంటలకు కావాల్సినవెన్ని అని లెక్క వేశారు. లోటు ఎంతో గోడ మీద తేలింది. వరి వేయొద్దని ఎవరూ ఆంక్ష పెట్టలేదు. అయినా కొంతమంది వరి తగ్గించి ఆరుతడి పంటలకు మారారు. 2010లో ప్రపంచ బ్యాంకు నివేదిక ప్రకారం నూటికి నలభైకి పైగా వాగు పరిధుల్లో రబీ తోడకం వరుసగా తగ్గింది.

ప్రాజెక్టు ముగిసింది. తర్వాత వెళ్లి పరిశీలించినవాళ్లకు చాలాచోట్ల కొలతలు ఆగిపోయి కనిపించాయి, ఫలితాలు చెప్పుకున్నంత గొప్పగా లేవనీ రాశారు. ఆ విమర్శలో నిజముంది. జీతమిచ్చి వెంటపడే కార్యకర్త లేకపోతే పదిహేను రోజులకోసారి టేపు దించే ఓపిక ఎవరికుంటుంది? కానీ ఆ పనిని పంచాయతీకో వ్యవసాయ శాఖకో అప్పజెప్పి కొనసాగించాల్సిన ప్రభుత్వాలు కన్నెత్తి చూడలేదు. చెక్‌డ్యాం కడితే శంకుస్థాపన ఉంటుంది, గోడ మీద అంకెకు ఏముంటుంది? కేంద్రం 2019 డిసెంబర్‌లో ఆరు వేల కోట్లతో అటల్ భూజల్ యోజన తెచ్చి, గ్రామస్థులే నీటి బడ్జెట్ వేసుకోవాలంది. ఎంపిక చేసిన ఏడు రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ లేదు, తెలంగాణ లేదు. ఆ పని అంతకు ముందే చేసి చూసింది మన రైతులు.

ఇదే అనంతపురంలో బోర్లను కలిపి వాడుకున్న ఊళ్లూ ఉన్నాయి. బోరున్న రైతులు, లేని రైతులు ఒప్పందం చేసుకుని పైపులైన్లతో బోర్లన్నీ కలిపారు. పదేళ్లపాటు కొత్త బోరు వేయబోమన్నారు. వానకు వానకు మధ్య బెట్ట వస్తే వేరుశనగకు స్ప్రింక్లర్లతో ఒకటి రెండు తడులు అందరికీ ఇచ్చారు. బోరున్నవాడు తన నీళ్లు పంచుకోవడానికి ఒప్పుకోవడం చిన్న సంగతి కాదు. ప్రభుత్వం డబ్బు పెట్టదలిస్తే ఉచిత బోర్ల కంటే ఈ పైపులైన్లకు పెట్టాలని నా అభిప్రాయం.

2012లో అనంతపురం జిల్లా జీడిపల్లి రిజర్వాయర్‌కు హంద్రీ-నీవా ఎత్తిపోతల నీళ్లు వచ్చినప్పటి నుంచి కృష్ణా జలాలతో చెరువులు నింపడం పెద్ద ఊరట. ఆ నీళ్లతో ఊరిన బోర్ల కింద మళ్లీ వరి నాటితే ఊరట ఎన్నాళ్లు నిలుస్తుంది? రైతు ఆలోచనా తప్పు కాదు. వడ్లయితే మద్దతు ధరకు కొనే కేంద్రం దగ్గర్లోనే ఉంటుంది. కొర్రలు, కందులు పండిస్తే చాలాసార్లు దళారీ చెప్పిందే రేటు.

కొత్తగా చేయాల్సింది నిజానికి ఎక్కువ లేదు. ఆంధ్రప్రదేశ్‌లో ఏ సర్వే నంబరులో ఏ పంట ఉందో ప్రభుత్వ పంటల నమోదు, ఈ-క్రాప్‌లో ఎక్కుతోంది. భూగర్భ జలశాఖకు రాష్ట్రమంతటా నీటిమట్టం కొలిచే పీజోమీటర్లు వెయ్యికి పైగా ఉన్నాయి, రీడింగులు కంప్యూటర్‌కు చేరుతున్నాయి. రెండూ రెండు ఆఫీసుల్లో పడి ఉన్నాయి. వాటిని కలిపి, ఊరి రైతులు టేపుతో కొలిచిన అంకెలు చేర్చి, ఈ రబీకి ఈ ఊళ్లో ఇన్ని ఎకరాల ఆరుతడి పంటకే నీళ్లున్నాయని అక్టోబర్‌లో గ్రామసభలో చదవాలి. ఆ పరిధిలో పండిన పప్పులు, చిరుధాన్యాలు మద్దతు ధరకు కొంటామన్న హామీ అదే సభలో ఇవ్వాలి. జనవరిలో చెబితే ఉపయోగం లేదు, అప్పటికి నాట్లు పడిపోయి ఉంటాయి.