సవరణ: ఐబీసీలో టోకెన్లు రిలేయర్ చేతికి రావు

కాస్మోస్ అనే బ్లాక్‌చెయిన్ల కూటమిలోని చెయిన్ల మధ్య బదిలీలో టోకెన్లు రిలేయర్ (చెయిన్ల మధ్య సందేశాలు చేరవేసే ప్రోగ్రామ్) అధీనంలో ఉంటాయని ఇంతకుముందు రాశాను, అది తప్పు. ఈ చెయిన్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఐబీసీ ప్రోటోకాల్ నిర్దేశాల ప్రకారం, ఒక చెయిన్ తన సొంత టోకెన్లను పంపినప్పుడు అవి అక్కడే ఎస్క్రో ఖాతాలో (తాళం వేసి ఉంచే ఖాతాలో) నిలిచిపోతాయి. అవతలి చెయిన్ తనలోని లైట్ క్లయింట్ (మొదటి చెయిన్ స్థితిని క్లుప్తంగా గమనిస్తూ ఉండే భాగం) ద్వారా మొదటి చెయిన్ వాలిడేటర్ల (లావాదేవీలను ధ్రువీకరించేవారి) సంతకాలనూ, మెర్కిల్ రుజువునూ (ఆ బదిలీ అక్కడ నిజంగా నమోదైందనే గణిత రుజువునూ) స్వయంగా సరిచూసుకున్న తర్వాతే వాటికి బదులు వోచర్లను జారీ చేస్తుంది. రిలేయర్ ఒట్టి తపాలా బంట్రోతు. బదిలీ సందేశమైన ప్యాకెట్‌ను ఆలస్యం చేయగలదేమో గానీ, లేనిదాన్ని పుట్టించలేదు. గడువులోగా ప్యాకెట్ అందలేదని రుజువైతే టోకెన్లు పంపినవారికే తిరిగి చేరతాయి. నేను వర్ణించిన తీరు నిజానికి 2022 మార్చిలో దోపిడీకి గురైన రోనిన్ వంతెనకు (చెయిన్ల మధ్య టోకెన్లు దాటించే వ్యవస్థకు) దగ్గరగా ఉంటుంది. అక్కడ 9 మంది వాలిడేటర్లలో 5గురి సంతకపు తాళంచెవులు (ప్రైవేట్ కీలు) చిక్కడమే దొంగలకు సరిపోయింది.