చెడని ఓడతో చెలిమి నిలవదు

మా ఇంటికి క్రమం తప్పకుండా వచ్చే మనిషి ఒక్కడే, నీళ్ల ఫిల్టరు బాగుచేసే అబ్బాయి. చిన్నాన్న కొడుకులు పెళ్లికో దినానికో తప్ప గుమ్మం ఎక్కరు. ఈ అబ్బాయి మాత్రం మూడు నెలలకోసారి వచ్చి, కాఫీ తాగి, మా అమ్మాయి పరీక్షలు ఎలా రాసిందో అడిగి, ఏదో ఒక భాగం మార్చి వెళ్తాడు. ఫిల్టరు ఎంతకు కొన్నామో నాకు గుర్తు లేదు. ఏటేటా కట్టే మరమ్మతు ఒప్పందం సొమ్ము మాత్రం మా ఆవిడకు నోటికి వచ్చు. దేశాల మధ్య నౌకాదళ సహకారం అంటే ఏమిటో నాకు బోధపడింది ఇతని వల్లనే.

పాత యుద్ధనౌకలు కొని, కొత్త హంగులు తొడిగి, ఆ తరువాత దశాబ్దాల తరబడి విడిభాగాల కోసం అమ్మినవాడి మొహం చూడటం ఏమిటని కొందరు మేధావులు వాపోతుంటారు. వారికి బంధుత్వాల సంగతి తెలియదు. చెడిపోని ఓడను అమ్మినవాడు మళ్లీ మన గడప తొక్కుతాడా? ఉత్తరం రాస్తాడా? బాయిలరు పేలితేనే గదా ఇరు దేశాల మధ్య వేడి పుట్టేది!

అడ్మిరల్ గోర్ష్‌కోవ్ అనే పాత సోవియట్ విమానవాహక నౌక సంబంధం చూడండి. వరుడిది రెండో పెళ్లి. మొదటి ఇంట్లో 1987లో విధుల్లో చేరి, 1996లో పక్కన పడ్డాడు. 2004 జనవరిలో మనతో తాంబూలాలు పుచ్చుకున్నారు. రష్యావారు మహా మర్యాదస్తులు. ఓడకు పైసా వద్దు, ముస్తాబు ఖర్చు మాత్రం మీరు పెట్టుకోండి అన్నారు. ముస్తాబుకు 97.4 కోట్ల డాలర్లు అనుకున్నాం. తీరా చొక్కా విప్పి చూస్తే లోపల మార్చవలసిన తీగలే కొండంత ఉన్నాయి. వరుడు అలకపాన్పు ఎక్కాడు. 2010లో దిగేసరికి లెక్క దాదాపు 235 కోట్లకు చేరింది. సెకండ్‌హ్యాండ్ ఓడకు కొత్తదానికంటే 60 శాతం ఎక్కువ పెడుతున్నారని సర్కారు లెక్కలు తనిఖీ చేసే కాగ్ 2009లోనే అన్నది. పందిట్లో మేనమామ సణుగుడు ఎవరు విన్నారు గనక?

2008లో రావలసిన అల్లుడు ఇంకా పరీక్షల్లోనే ఉండగా, 2012లో పూర్తి వేగంతో పరుగు పెట్టించారు. ఎనిమిది బాయిలర్లలో ఏడు మొరాయించాయి. ఎందుకని అడిగితే, తప్పు మనదేనట. బాయిలర్లలో వేడికి అడ్డుగా పెట్టే ఆస్బెస్టాస్ ఒంటికి మంచిది కాదని మనం వద్దన్నాం. దాని బదులు వాడిన ఇటుకలు వేడికి తట్టుకోలేకపోయాయి. పథ్యం పెట్టిన మామగారి వల్లే అల్లుడికి అజీర్తి చేసిందన్నమాట. చివరకు 2013 నవంబరు 16న విక్రమాదిత్య అనే పేరుతో మన నౌకాదళంలో చేరి, ఆ తరువాత రష్యా నిపుణులను తోడు పెళ్లికొడుకులుగా వెంటబెట్టుకుని, కర్ణాటకలోని కార్వార్ స్థావరానికి ఇల్లరికం బయలుదేరాడు. ఇల్లరికపు అల్లుడి పోషణ ఎన్నాళ్లని అడగడం సంస్కారం కాదు.

అమెరికావారి తీరు వేరు. 2007లో వాళ్ల పాత యుద్ధనౌక ట్రెంటన్‌ను కొని జలాశ్వ అని పేరు పెట్టి మన విశాఖకు తెచ్చుకున్నాం. దీన్ని వేసుకుని తగాదాకు వెళ్లకూడదు, మేం అప్పుడప్పుడు వచ్చి చూసిపోతాం అన్నట్టు షరతులున్నాయని మళ్లీ ఆ కాగే బయటపెట్టింది. పుట్టింటివారి మమకారాన్ని ఆడిట్ చేసేవారు అర్థం చేసుకోలేరు.

అన్నట్టు, విశాఖ పేరెత్తి సింధుకీర్తిని తలచుకోకపోతే పాపం. సోవియట్ నిర్మిత జలాంతర్గామి. రెండు మూడేళ్లలో తేలిపోయే మరమ్మతని 2006లో హిందుస్థాన్ షిప్‌యార్డులోకి తెచ్చారు. ఈ తరగతి జలాంతర్గామిని ఆ యార్డు అంతకుముందు విప్పి ఎరుగదు. విప్పింది. గడియారం విప్పడం ఏ పిల్లవాడికైనా చేతనవును, బిగించేటప్పుడు కదా రష్యా నిపుణుడు కావాలి, రష్యా సామాను కావాలి, రెండు చోట్లా సంతకాలు కావాలి! అది 2015లో నీళ్లలోకి వచ్చింది. అది లోపలికి వెళ్లిన రోజున పుట్టిన బిడ్డ అప్పటికి నాలుగో తరగతి చదువుతుంటుంది. ఈ మధ్యలో, 2010లో, యార్డే నౌకాయాన శాఖ నుంచి రక్షణ శాఖకు మారింది. ఓడ కదల్లేదు గానీ యార్డు కదిలింది. దీన్ని జాప్యమనేవారు సుదీర్ఘ సాంకేతిక సహకారం అన్న మాటలో ‘సుదీర్ఘ’ను గమనించినట్టు లేదు.

రష్యా వైపు ఇన్నాళ్లూ ఒక్క చుట్టంతోనే ఇంత అనుబంధం. ఇప్పుడు చుట్టాలు ఇద్దరయ్యారు. గోర్ష్‌కోవ్ పుట్టింది నిజానికి రష్యాలో కాదు, ఉక్రెయిన్‌లోని మికొలాయివ్‌లో. మన యుద్ధనౌకలెన్నింటికో గ్యాస్ టర్బైన్ ఇంజిన్లు చేసే కర్మాగారమూ ఆ ఊళ్లోనే ఉంది. 1991లో సోవియట్ ఉమ్మడి కుటుంబం విడిపోయినప్పుడు బావి అన్నగారు రష్యా వాటాకు, మోటారు తమ్ముడు ఉక్రెయిన్ వాటాకు వెళ్లాయి. 2014 నుంచి తమ్ముడు అన్నకు మోటారు ఇవ్వడం మానేశాడు. పొలం తడవాల్సింది మనది. అందుకని ఇంజిన్లు మనమే ఉక్రెయిన్ నుంచి కొని, మోసుకెళ్లి రష్యా చేతిలో పెట్టి, మనకోసం కట్టే ఓడలో బిగించమన్నాం. ఆ అన్నదమ్ములు ఒకరి మీద ఒకరు క్షిపణులు వేసుకుంటున్న కాలంలోనే, 2024 డిసెంబరు 9న, కలినిన్‌గ్రాడ్‌లో మన రక్షణ మంత్రి సమక్షంలో అలా తయారైన తుశీల్ యుద్ధనౌక మన నౌకాదళంలో చేరింది.

దానికి రేపు ఏ రిపేరు వచ్చినా మనవాళ్లకు బెంగ లేదు. పైభాగం మొరాయిస్తే అన్నకు ఫోను చేయాలి. అడుగుభాగం మొరాయిస్తే తమ్ముడికి చేయాలి, అన్న పక్కగదిలో లేనప్పుడు.